నీటిని తూచే పని

ఓడను ఎవరూ తూచలేరు.
అది పక్కకు తోసిన నీటిని తూస్తారు.
ఆ నీటిని బకెట్‌తో చేదే కూలీని నేను,
రాస్ అల్ ఖైమాలో, సున్నపురాయి ఎక్కించే రేవులో
తొమ్మిదేళ్ళుగా.

తాళ్ళ నిచ్చెన మీద వేలాడుతూ
ఓడ చెంప మీది తెల్ల అంకెలు చదువుతాను
ముక్కు దగ్గర, నడుము దగ్గర, తోక దగ్గర.
అల వచ్చి అంకెను మింగుతుంది, కక్కుతుంది.
పది అలలు చూసి నడిమిది చెప్పాలి.
ఆపైన బకెట్. బకెట్‌లో గాజు గొట్టం,
అడుగున సీసపు గుండ్లు, మెడ నిండా గీతలు.
అది ఊగడం మానేదాకా ఊపిరి బిగబట్టాలి,
జ్వరం చూసే నర్సులా.
జనవరిలో వెయ్యిన్నీ ఇరవై ఏడు,
జూలైలో ఇరవై నాలుగు.
ఎండకు నీళ్ళు కూడా ఒళ్ళు వదులు చేసుకుంటాయి.

యాభై వేల టన్నుల కొండను మింగి
ఓడ తేలుతుంది.
రాయి తేలాలంటే దాని మీద ఎవరి పేరూ రాయక్కర్లేదు,
చుట్టూ కావలసినంత ఖాళీ ఉంటే చాలు.

ఈ చదువు మొదట మా అవ్వ దగ్గర.
గాబులో నీళ్ళు, నీళ్ళలో దొడ్డుప్పు,
అడుగున పడుకున్న కోడిగుడ్డు.
ఇంకో దోసెడు. కలుపు. ఇంకో దోసెడు.
గుడ్డు లేచి, రూపాయి బిళ్ళంత నెత్తి చూపగానే
"ఇగ సాలు" అని వడ్లు గుమ్మరించేది.
తేలినవి కోళ్ళకు, మునిగినవి నారుమడికి.
మునిగిందే విత్తనం. తేలింది తాలు.

మధ్యాహ్నం క్రేన్ నీడలో పందెం కాస్తాం
కుళాయి నీళ్ళ బకెట్ చుట్టూ కూర్చుని.
వేయకముందే చెప్పాలి, అదీ షరతు.
ఉల్లిగడ్డ తేలుతుంది, ఆలుగడ్డ మునుగుతుంది.
నారింజ తొక్కతో తేలుతుంది,
తొక్క ఒలిస్తే పోతుంది అడుక్కి,
తేలికైనాక మునగడం ఏమిటని
ఫిలిప్పీన్స్ మేటు రోడెల్ రెండు చాయ్‌లు ఓడాడు.
పెద్దదా చిన్నదా కాదు రోడెల్,
తన జాగాలో కూర్చోవలసిన నీళ్ళకన్నా
బరువా, కాదా. అంతే.

లింబాద్రి మాత్రం నమ్మడు.
పదేళ్ళప్పుడు వాళ్ళూరి బావిలో రాయిలా పోయినవాడు,
జుట్టు పట్టి లాగితే మిగిలినవాడు.
శుక్రవారం పొద్దున అల్ రమ్స్ ఒడ్డున
నడుముల్లోతు చలిలో లెక్క చెప్పాను:
ఊపిరి పీలిస్తే నువ్వు తొమ్మిది వందల ఎనభై,
వదిలేస్తే వెయ్యిన్నీ పదిహేను,
ఈ నీళ్ళు ఇరవై ఏడు.
ఎటు చూసినా గెలుపు నీదే.
వీపు కింద చెయ్యి పెట్టాను.
తీసేశాను. చెప్పలేదు.

లింబాద్రి తేలాడు.
పొట్ట, మోకాలి చిప్పలు, బొటనవేళ్ళు,
రూపాయి బిళ్ళంత ముఖం.
ఆకాశాన్ని చూస్తూ చాలాసేపటికి అడిగాడు:
"మరి మా బాయిల?"
"గా నీళ్ళు తేలిక. ఉప్పు మోసినంత తీపి మొయ్యది."
మళ్ళీ చాలాసేపు.
"అన్నా, మీ అవ్వ లెక్కల నేను తాలేనా గట్లయితే?"

నా పుస్తకంలో దానికి పట్టిక లేదు.
నవ్వబోయాను, నోట్లోకి నీళ్ళు పోయాయి.

ఇవాళ నింపిన ఓడ హల్దియా పోతుంది.
అక్కడ నది, మట్టినీళ్ళు.
ఒక్క రాయి పెరగకుండానే ఇంకో జానెడు దిగుతుంది.
మా సర్వేయరు మోయిన్ సాబ్
ఆ జానెడును ఇక్కడే వదిలిపెట్టి గీత గీస్తాడు.

లింబాద్రికీ సెలవు వచ్చింది, నలభై రోజులు.
పెట్టె కట్టేముందు రేవుకొచ్చి
లీటరు సీసా నిండా సముద్రం పట్టుకున్నాడు.
బాయిల పోస్తవా, అన్నాను.
"కాదు. గుడ్డేసి సూస్త."

గుడ్డు లేవడానికి ఈ సముద్రం చాలదు.
ఇంకా కొన్ని దోసిళ్ళ ఉప్పు కావాలి.
మూత బిగించి ఇచ్చాను.
చెప్పలేదు.